మావగారి వంకర వైసు

అద్దె ఇళ్ళు కట్టించేవాళ్ళు వరండా ఎందుకు కట్టిస్తారో ధర్మారావుకి పదకొండేళ్ళుగా అర్థం కాలేదు. సైకిలు పెడితే మనిషి పట్టడు, మనిషి కూర్చుంటే చెప్పులు పట్టవు. అలాంటి మూడడుగుల వరండాలోకి ఇప్పుడు ఒక వైసు కూడా వచ్చి చేరింది. మంగళవారం పొద్దున్న పాల ప్యాకెట్టు తీసుకోబోయిన ధర్మారావు కాలి చిటికెన వేలు దానికి తగిలింది. ఆ వారంలో అది మూడోసారి.

"రోజూ అదే ఏలు ఎలా తగుల్తాదండీ?" అంది భార్య కమలకుమారి, జాలిపడి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"మీ నాన్న అలా సూసి ఇచ్చారు," అన్నాడు ధర్మారావు.

వైసంటే ఇనుప ముక్కని కదలకుండా పట్టుకునే సాధనం. రెండు దవడలు, వాటిని బిగించే మర, తిప్పడానికి పిడి. కాశీబుగ్గ ఇనుప కొట్లలో ధర్మారావు చూసిన వైసులన్నిటికీ దవడలు నడిమధ్యన ఉండేవి. దీనికి మాత్రం రెండు దవడలూ కూడబలుక్కుని ఒక పక్కకి జరిగిపోయాయి. గ్రూపు ఫొటోలో ఇంకొకరికి చోటిద్దామని ఒరిగి, మళ్ళీ తిన్నగా నిలబడడం మర్చిపోయిన మనిషిలా ఉంది.

మావగారు నారాయణరావు రైల్వేలో ఫిట్టరుగా రిటైరై సుమ్మాదేవిలో స్థిరపడ్డాడు. కిందటి నెల తన సామాన్లు అల్లుళ్ళకి పంచాడు. పెద్దల్లుడు విజయ్‌కి స్కూటరు. చిన్నల్లుడు ధర్మారావుకి గోనెసంచిలో చుట్టిన ఈ వైసు.

"ఇలాటిది మన జిల్లాలో ఇంకోటి ఉంతాదో నేదో బాబూ. జాగర్త," అన్నాడు మావగారు, రెండు చేతులతో అందిస్తూ.

ధర్మారావు సంచి విప్పి చూశాడు. ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు టెక్కలి ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఏ ఫైలుకైనా ఏం చేస్తున్నాడో అదే చేశాడు. తల పంకించి, "ఓహో, ఇదా!" అన్నాడు.

అక్కడితో అడిగే దారి మూసుకుపోయింది. "ఓహో, ఇదా!" అన్నవాడు మర్నాడు వెళ్ళి "ఇదేటి మావయ్యా?" అని అడగలేడు కదా.

కానీ తెలుసుకోకుండా ఉండలేడు. ఎందుకంటే మావగారు తనని గౌరవించాడా, వెక్కిరించాడా అన్నది ఆ దవడల మీదే ఆధారపడి ఉంది. మంచి వస్తువైతే గౌరవం. వంకరదైతే వెక్కిరింత. అటు విజయ్ స్కూటరు పెట్రోలు పోయించుకుని మరీ తిరుగుతోంది.

ఇంటి ఓనరు నీలకంఠానికి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. పలాసలో జీడి ఫ్యాక్టరీ ఉన్నవాడికి ప్రపంచంలో ఏ మిషను చూపించినా, అది జీడిపిక్కలు కొట్టేదో, కొట్టడం చేతకానిదో తేల్చి చెప్పగలడు. వైసు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది పిక్కలు కొట్టే మిషనే బావా. ఎడమసేతోళ్ళ కోసం పక్కకి పెట్టినారు," అన్నాడు.

"మరి కత్తి ఏదీ?"

"మీ మావ ఇవ్వనేదేమో. అడిగినావేటి?"

అడగలేదని చెప్పడం ఇష్టం లేక ధర్మారావు జీడిపిక్క ఒకటి దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. పిక్క పగల్లేదు, చితికింది. నల్లటి జీడి రసం వచ్చి చొక్కా మీద పడింది. రెండు చుక్కలు మోచేతి మీద పడి, సాయంత్రానికి పొక్కులయ్యాయి.

"అయితే ఇది పాడయిపోయిన మిషను," అన్నాడు నీలకంఠం. తన మాట తప్పయిందని మాత్రం ఒప్పుకోలేదు.

ధర్మారావుకి అంతా తేటతెల్లమైంది. మావగారు వెక్కిరించాడన్నమాట. పద్నాలుగేళ్ళ కిందట పెళ్ళిలో అలక పాన్పు మీద కూర్చోబెట్టి మావగారు "ఏటి కావాలి బాబూ?" అని అడిగితే, ఆదర్శం కొద్దీ "ఏమీ వద్దండి" అనేశాడు. విజయ్ అదే పాన్పు మీద రెండు గంటలు అలిగి వాచీ, రేడియో పట్టుకెళ్ళాడు. తను వాడకుండా వదిలేసిన ఆ అలకని ధర్మారావు ఇప్పుడు బయటికి తీశాడు.

"మీ నాన్న గుమ్మం తొక్కను. సెప్పేయ్," అన్నాడు.

"ఇప్పుడేటండీ అలకలు? నెత్తి మీద నాలుగెంట్రుకలు నేవు," అంది కమలకుమారి.

మర్నాడు పొద్దున్నే సముద్రపొడ్డు అక్కుపల్లి నుంచి యువరాజు వచ్చాడు. బోటు ఇంజన్లు బాగుచేసే మనిషి. నీలకంఠం ఫ్యాక్టరీ మోటారు చూడడానికి వచ్చి, వరండాలో వైసు చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"బాబూ, ఇది మీదేనేటి?"

"కావాలేటి? పట్టుకుపో," అన్నాడు ధర్మారావు, అలక తాలూకు ఉదారతతో. యువరాజు రెండోసారి అడగలేదు. ధర్మారావు మనసు మార్చుకునేలోపు బండికి కట్టేసుకున్నాడు.

రెండు రోజులు చిటికెన వేలు హాయిగా ఉంది. శుక్రవారం పొద్దున్న నీలకంఠం ఇంటికి ఫోనొచ్చింది. కమలకుమారి మాట్లాడి వచ్చింది.

"నాన్న ఆదివారం పాసింజరుకి వత్తారట. నాలుగు గజాల గొట్టం కూడా తెత్తారట. ఆ వైసులో బిగించి మీకు మరలు కొయ్యడం నేర్పుతారట. 'అది మా ఫోర్మేన్ నాకిచ్చినాడు, స్కూటరు ఎవుడికైనా ఇవ్వొచ్చు, అది మాత్రం పనితనం తెలిసినోడికే ఇవ్వాలి, సూడగానే ఓహో, ఇదా అన్నాడు మా సిన్నల్లుడు' అని మురిసిపోతన్నారండీ."

ధర్మారావు ఆఫీసుకి సెలవు పెట్టి ఆటో ఎక్కాడు.

అక్కుపల్లిలో యువరాజు షెడ్డు ముందు పది మంది నిలబడి ఉన్నారు. సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం ముగియడానికి వారమే ఉంది. లోపల తాటిదుంగ బల్లకి వైసుని బోల్టులతో బిగించేశారు. దవడలు బల్ల అంచు దాటి బయటికి వచ్చాయి. వాటి మధ్య మనిషంత పొడుగు ఇనుప కడ్డీ, బోటు ఇంజను షాఫ్టు, నిటారుగా నిలబడి ఉంది. యువరాజు దాని పై కొసని ఆకురాయితో రాస్తున్నాడు.

"సూడండి బాబూ. మామూలు వైసులో పొడుగు సామాను నిలబెడితే దవడల కింద మర అడ్డొచ్చీసి దిగదు. దీనికి దవడలు పక్కకి తోసీసినారు కదా, మర పక్కనుంచి తిన్నగా నేల దాకా దిగిపోద్ది. ఎవుడు కనిపెట్టినాడో గానీ మహానుబావుడు!"

"ఓహో, ఇదా!" అన్నాడు ధర్మారావు. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజంగా అన్నాడు.

తిరిగి ఇచ్చెయ్యమని అడగడానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోపు అప్పలమ్మ అనే ముసలామె జనాన్ని తోసుకుని వచ్చింది. ఆ షాఫ్టు ఆమె కొడుకు బోటుదే.

"ఈ బాబేనేటి ఇచ్చినాడు? సల్లగుండు నాయినా! ఇంత బతుకు బతికి ఇనుప ముక్క ఊరికే ఇచ్చినోణ్ణి ఇదే సూడ్డం," అంటూ ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. అప్పుడు చూశాడు ధర్మారావు, వైసుకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. గొంతు సవరించుకోవడం దగ్గుగా మారింది. ఎండుచేపలతో ఇంటికొచ్చాడు.

ఇదీ సంగతి. ఈ రోజు శనివారం. రేపు పది గంటలకి మావగారు గొట్టంతో సహా పలాస స్టేషన్లో దిగుతాడు. ధర్మారావు వరండాలో కూర్చుని ఉన్నాడు. వైసు ఇచ్చేశానని చెప్పడానికి అతనికి పెద్ద భయం లేదు. ఎందుకిచ్చేశావని అడిగితే, అదేమిటో నాకు తెలీదు అని చెప్పాలి, అదే అతని వల్ల కావడం లేదు. పోనీ మావగారిని తిన్నగా అక్కుపల్లి తీసుకుపోదామంటే, అదేమిటో ఈ బాబుకి నేనే చెప్పానని అక్కడ యువరాజు ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. కమలకుమారిని అడిగితే, "నిజం సెప్పీండి" అంటోంది. అది సలహా కిందికి రాదు. బాబ్బాబు, మీలోనూ ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, మావగారి ముందు తెలీకుండానే "ఓహో, ఇదా!" అని ఉంటారు. తర్వాత ఎలా బయటపడ్డారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. పాసింజరు ఎప్పుడూ గంట లేటే. రేపొక్కరోజే టైముకి వచ్చేలా ఉంది.