పొగ లేని పూట

ఇందిరమ్మ పప్పు కలియబెడుతూ అలవాటు కొద్దీ ఒక కన్ను మూసుకుంది. కానీ కళ్లు మండలేదు. నిన్ననే గ్యాస్ పొయ్యి వచ్చిన సంగతి గుర్తొచ్చి నవ్వుకుంది. ఆ నవ్వుకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

శామీర్‌పేట దగ్గరి ఆ చిన్న బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. మొన్నమొన్నటిదాకా కిటికీ లేని రేకుల గది, పచ్చి తుమ్మకట్టెలు. అంతకుముందు అల్వాల్ పెళ్లిళ్లలో, ఇంకా ముందు అత్తగారింట్లో. బతుకంతా ఏదో ఒక పొయ్యి ముందే గడిచింది. బక్కపలచని మనిషి, ఎర్రని కళ్లు, నాలుగు మాటలాడితే పిల్లికూతలు పెట్టే రొమ్ము.

కిందటి చలికాలం మేడ్చల్ దవాఖానాలో డాక్టరమ్మ అడిగింది.

"బీడీలు తాగుతావా?"

"నా జన్మల ముట్టలేదమ్మా."

"అయితే ఇది కట్టెల పొగే. ఇక పొయ్యి దగ్గర కూర్చోకు."

ఇందిరమ్మ ఆ మాట వినలేదు. తను లేస్తే ఆ పీట మీదికి పక్కింటి అమ్మడు వస్తుంది, చంకలో చంటిపిల్లతో. గోడకవతల ఒకటో తరగతి పిల్లలు అప్పటికే దగ్గుతున్నారు.

అందుకే ఓ రోజు సర్పంచ్ జనార్ధన్‌ను ఉప్పు చూడమని లోపలికి పిలిచింది. కూర్చోబెట్టి, తడికట్టె ఎగదోసి, తలుపు మూసింది. కాసేపటికే ఆయన కళ్లనీళ్లతో బయటపడ్డాడు.

"ఏంది ఇందిరమ్మా, సంపుతవా?"

"గింతల్నే పరేషానైతివా పటేలా? మన పోరగాండ్లు దినాం గిదే పీలుస్తున్నరు."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె మాత్రం వెంటపడటం మానలేదు. ముందు గోడకు కిటికీ వచ్చింది. తర్వాత పొయ్యి వచ్చింది.

ఇప్పుడు గోడకవతల పిల్లలు ఒక్క గొంతుతో ఎక్కాలు చదువుతున్నారు. ఇందిరమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి చివరిదాకా విన్నది. మధ్యలో ఒక్క దగ్గూ లేదు. ఊళ్లో బోనమెత్తిన నాడు కూడా ఆమె తల అంత నిటారుగా నిలవలేదు.

పిల్లలు తిని లేచాక గిన్నెలన్నీ తోమి, అమ్మడిని పిలిచింది.

"ఇగ రేపటిసంది నువ్వు వండు. బుగులు లేదు, పొగ పోయింది."

"నువ్వేడికి పోతున్నవ్ అత్తా?"

"యాప్రాల్ల బిడ్డ తానికి. జర సల్లగ ఊపిరి తీసుకుంట."

సంచీ భుజానికి తగిలించుకుంది. కల్వర్టు దగ్గర ఆయాసం తీరేదాకా ఆగి, మళ్లీ నడిచి, కూతురి ఊరికి బస్సెక్కింది.

వంటగది గుమ్మం పక్కన, ఆమె బోర్లించి వెళ్లిన అన్నం గంజు ఎండలో ఆరుతోంది. దాని అడుగున మసి చుక్కైనా లేదు.