కూర్చుని తినే ప్రాణి

సముద్రపు చేపల ప్రదర్శనశాలలో అద్దాలు తుడవడం ఆమె ఉద్యోగం. పద్దెనిమిది ట్యాంకుల అద్దాలూ మొహం చూసుకోవచ్చు అన్నట్టు ఉంచేది. వెనకగదిలో ఉన్న ఏడో ట్యాంకు జోలికి మాత్రం ఎవర్నీ రానిచ్చేది కాదు, తానూ గుడ్డ తాకించేది కాదు. ఆ అద్దం నిండా పచ్చటి పాచి, దాని మీద బూడిదరంగు మరకలు. అందుకని అందరూ ఆమెకు మరకమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ, ఆమెకేం!

ఆ మరకలు ప్రాణులని ఆమెకు తెలిసిన తీరు చెప్పుకోవాలి. చేరిన మొదటివారం, పనిమంతురాలు అనిపించుకుందామని ఆ అద్దాన్నీ శుభ్రంగా తుడిచిపారేసింది. ట్యాంకు పెట్టిన పెద్దసారు పరుగున వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆమె చేతిలోని గుడ్డను గిన్నెలోకి పిండి, ఆ నీళ్లలో ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాడు. నువ్వుగింజంత ఉంటుందేమో, పలచటి ముక్క, తీరూతెన్నూ లేని అంచులతో మెల్లగా పాకుతోంది. "జంతువుల్లో ఇంతకన్నా సాదాసీదాది ఇంకోటి తెలీదమ్మా," అన్నాడు. వందల్లో మిగిలినవి మూడో నాలుగో. వాటిని మళ్లీ ట్యాంకులో వదిలితే, ఒకటి రెండుగా విడిపోయి, ఆ రెండూ మళ్లీ విడిపోయి, కొన్నాళ్లకు అవే అద్దాన్ని నింపాయి. తుడిచేసిన తప్పు మాత్రం ఆమె మరిచిపోలేదు. పెద్దసారు రిటైరవుతూ ట్యాంకును ఆమెకే అప్పగించి వెళ్లాడు. ఇరవై రెండేళ్లుగా ఆ ప్రాణులకు పాచి పెంచి పెడుతున్నది ఆమే.

ఇప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు. కంటికి ఆననిది ఆయన దృష్టిలో లేనట్టే. ఒక పొద్దున ఏడో ట్యాంకు ముందు ఆగి, ఛీ అని, బ్లీచింగు నీళ్లు పోసి కడిగెయ్యమన్నాడు. అక్కడ ఎర్రచేపలు పెడతాడట. ఒక్కసారి చూడండి సార్ అని మరకమ్మ బతిమాలితే, మొక్కుబడిగా మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు. నోరెక్కడ అన్నాడు. లేదంది. కడుపు? లేదు. గుండె, నరాలు, బుర్ర? ఏవీ లేవంది.

"మరెలా తింటుంది?"

"మేత మీద కూర్చుని తింటుంది సార్. ఎక్కడ కూర్చుంటే అక్కడే దానికి కడుపు."

మేనేజరు పకపకా నవ్వాడు. "కూర్చుని తినేవాళ్లని మేపడానికి ఇదేం సత్రమా?" అంటూ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

పైగా ఇది జంతువే కాదు, వేరే దేనిదో పిల్లయి ఉంటుందని తేల్చేశాడు. అదేమన్నా కొత్త మాటా? వందేళ్ల కిందట మహా చదువుకున్నవాళ్లే దీన్ని జెల్లీఫిష్ చుట్టాల పిల్ల అనేసి, యాభై ఏళ్లకు పైగా దాదాపు మరిచిపోయారు. వాళ్ల మాట నిలబెట్టడానికి అది జెల్లీఫిష్ అయిందా? తన మానాన తాను పాకుతూనే ఉంది. పెద్దసారు దగ్గర విన్న ఈ సంగతంతా మరకమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. చేపలు పుట్టకముందే దీని వంశం వేరుపడిందనీ, నరాలు లేకపోయినా నరాలు అల్లే సరుకు చాలావరకు దీని దగ్గర ఉందనీ చెప్పింది. గోడకు చెప్పుకున్నా నయమే. తను భోంచేసి వచ్చేసరికి ట్యాంకు కడిగి ఉండాలనీ, లేకపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదనీ చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

టికెట్లిచ్చే వదిన, అంటే మరకమ్మ భర్తకు అక్క, సంగతి విని నెత్తీ నోరూ కొట్టుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదావే అంది. కంటికానని పురుగు కోసం నోటిదగ్గరి కూడు పోగొట్టుకుంటావా అంది.

"దానికి నోరు లేదు వదినా, అందుకే నాది లేచింది," అంది మరకమ్మ. "ఒకసారి తెలీక తుడిచాను. తెలిసి తుడవను."

అని, బ్లీచింగు బకెట్టును కాలితో పక్కకు నెట్టి, ట్యాంకుకు వీపు ఆనించి కూర్చుని భోజనం డబ్బా విప్పింది. భయం లేదనుకునేరు, పోయేది ఉద్యోగమని తెలుసు. అయినా లేవలేదు.

వదిన కాసేపు గొణిగింది. తర్వాత టికెట్ కిటికీ మూసేసి, తన డబ్బాతో వచ్చి పక్కనే చతికిలబడింది. పంపులు చూసే మేస్త్రీ వచ్చాడు. చేపలకు మేత వేసే ఇద్దరూ వచ్చారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఆ ప్రాణిని జల్లెడ పట్టి విడగొట్టినా ముక్కలు మళ్లీ దగ్గరికి చేరతాయని పెద్దసారు ఒకప్పుడు చెబితే మరకమ్మ నమ్మలేదు. ఇప్పుడు నమ్మింది.

మేనేజరు వచ్చి చూశాడు. తనే కడుగుదామని బకెట్టెత్తాడు గానీ, ట్యాంకు దాకా వెళ్లడానికి అడుగు పెట్టే సందు లేదు.

"ఇది ఎవరి బుర్రలో పుట్టింది?"

"బుర్రతో పనేముందండీ," అన్నాడు మేస్త్రీ, పక్కకైనా జరగకుండా.

బయట జనం టికెట్ కిటికీని దబదబా బాదుతున్నారు. మేనేజరు అటూ ఇటూ చూసి, బకెట్టు కింద పెట్టాడు. "అసలు నువ్వేం చేస్తున్నావిక్కడ?" అని మరకమ్మ మీదికి వంగాడు.

మరకమ్మ నోట్లో ముద్ద నింపాదిగా నమిలి మింగేదాకా ఆయన్ని అలాగే ఉంచింది.

"కూర్చుని తింటున్నాను సార్," అంది.