సోఫాకి వేసిన ఏసీ

ఆరు గదుల కొత్తింట్లోకి ఏసీల దగ్గర్నుంచి బల్బుల దాకా అన్నీ కరెంటు తక్కువ తాగేవే కొన్నారు మావారు. "మన కరెంటు కోసం కాలే బొగ్గు సగానికి సగం తగ్గుతుంది, చూస్తూ ఉండు," అన్నారు.

తీరా చూస్తే, పాత రెండు గదుల ఇంట్లో కంటే కరెంటు రెట్టింపు కాలింది. మీటరు పాడైందని మండిపడ్డారు.

"మీటరుకేం రోగం? ఎవరూ కూర్చోని హాల్లో, తోలు పాడవుతుందని పగలంతా సోఫాకి ఏసీ వేసేది మీరే కదండీ!" అన్నాను.

ఆయన సాయంత్రానికి హుకుం జారీ చేశారు. ఇకనుంచి పిల్లలతో కలిపి నలుగురం ఒక్క గదిలోనే ఉండాలట, ఒక్క ఏసీయే వెయ్యాలట.

అచ్చం పాత ఇంట్లోలాగే ఇరుక్కుని కూర్చున్నాం. పొద్దున లేచి మిగతా ఐదు గదులూ ఊడవాల్సింది మాత్రం నేనే.