క్రీస్తు పూర్వం ముప్ఫై ఏడు తప్పులు

ప్రెస్సులో అందరూ ఆయన్ని భూతద్దం గారనే పిలిచేవారు. ముప్ఫై నాలుగేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. ఆయన కంటబడకుండా ఒక్క కామా కూడా బయటికి పోదని పేరు. ఆ కళ్లు కాస్తా రెండేళ్లుగా పనిచెయ్యడం మానేశాయి. అక్షరాల మాట అటుంచి, ఎదుటి మనిషి కూడా గొంతు విప్పితేగాని ఎవరో తెలియదు. ఇక బాగయ్యే రకం కాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఈ సంగతి తెలిసింది కూతురికొక్కదానికే.

ఆయన ప్రెస్సుకు వెళ్లి, కాసేపు అందరి మీదా విసుక్కుని, "ఈ గోలలో చదవడం నావల్ల కాదు, ఇంట్లో చూస్తాను" అంటూ ప్రూఫులు చంకన పెట్టుకుని వచ్చేసేవాడు. కూతురు కళ్లల్లో వత్తులు వేసుకుని చదివి, ఎర్ర సిరాతో దిద్దేది. ఆయన చేసేదల్లా ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం. రెండేళ్లు గుట్టు దాగింది.

ఈసారి వచ్చింది హైస్కూలు ప్రపంచ చరిత్ర. మట్టి పలకల మీద రాసుకున్నవాళ్ల దగ్గర మొదలై, నిన్నగాక మొన్న జెండా ఎగరేసిన దేశాలతో ముగుస్తుంది. ఆమె పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పే మనిషి. అంకెల్లో ఆమెను మించినవాళ్లు లేరని ఆమె నమ్మకం. మొదటి పాఠంలోనే ఒక రాజు ఆరువందల అయిదు నుంచి అయిదువందల అరవై రెండు దాకా ఏలాడని ఉంది.

"నాన్నా, అంకెలు తిరగబడ్డాయి. సరిచెయ్యనా?"

ఆయన అప్పుడే నడుం వాల్చాడు. "తిరగబడితే సరిచెయ్యక దండం పెట్టుకుంటావా? ప్రతిదీ నన్నడుగుతావేమే?"

ఏ అంకెలని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. క్రీస్తుకు ముందు ఏళ్లు పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు దిగుతాయని ఆమెకు తెలియదు. చిన్న అంకె ముందుకు తెచ్చి, పెద్దది వెనక్కి నెట్టి, మొదటి నాలుగు ఫారాల్లో, అంటే అరవై నాలుగు పేజీల్లో, ముప్ఫై ఏడు చోట్ల సరిచేసేసింది. పాపం ఆ కాలపు రాజులందరూ ముందు చచ్చిపోయి, తరవాత గద్దెనెక్కారు.

ఆ నాలుగు ఫారాలూ అచ్చయ్యాక ఓనరు నుంచి కబురొచ్చింది. తండ్రిని చెయ్యి పట్టుకుని నడిపించాలి కాబట్టి, ఎప్పటిలాగే కూరగాయలకు బయల్దేరినట్టు సంచీ పట్టుకుని ఆమె కూడా వెళ్లింది.

"రచయిత ఫోన్లో చెడామడా దులిపేశాడండీ. ముప్ఫై ఏడు చోట్ల ఏళ్లు తిరగేశారట. ఎవరు దిద్దారివి?" అన్నాడు ఓనరు.

సంగతేమిటో విన్నాక భూతద్దం గారు నేరం తన మీద వేసుకున్నాడు. "నేనే. పొరపాటైపోయింది."

"మీరా? ఎన్ని చరిత్ర పుస్తకాలు చూసుంటారు మీరు. నిద్దట్లో కూడా ఈ తప్పు చెయ్యరు." ఓనరు ఒక కాగితం ఆయన ముందుకు జరిపాడు. "ఇందులో మూడున్నాయి. ఒక్కటి చూపించండి చాలు."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. వంగి, చదువుతున్నట్టే తల ఆడించి, ధీమాగా వేలు పెట్టాడు. వేలు పడిన చోట ఏమీ లేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"దిద్దింది నేను సార్," అంది. "రెండేళ్ల నుంచీ నేనే. ఇదొక్కటి నాకు తెలియలేదు. చివరి పాఠాలు కూడా చూడండి. ఒక దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పాఠంలో ఒకటి రాశారు, పట్టికలో ఒకటి రాశారు. రచయిత చూసుకోలేదు, నేను పట్టుకున్నాను."

ఓనరు చివరి పాఠాలు తెప్పించి చాలాసేపు చూశాడు. ఎవరివైపూ చూడకుండా, "రేపట్నుంచి నువ్వే వచ్చి కూర్చో అమ్మా. ఈ నాలుగు ఫారాలూ తీసుకెళ్లి మళ్లీ దిద్దు. నాన్నగారిని ఇంక శ్రమ పెట్టొద్దు," అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగం అంత మర్యాదగా ఊడిపోయింది. వీధిలోకి రాగానే ఆయన చెయ్యి విదిలించుకున్నాడు.

"నిన్నెవరు నోరు విప్పమన్నారే? తప్పు చేశానంటే తిట్టి ఊరుకునేవాడు. కళ్లు లేవంటే ఎవడు ఉంచుకుంటాడు?"

"వేలు మార్జిన్లో పెట్టావు నాన్నా."

ఆయన ఆగిపోయాడు. "మార్జిన్లోనా?"

"అవును. అక్కడ ఒక్క అక్షరం కూడా లేదు."

"చూశాడా?"

"చూశాడు."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉద్యోగం వచ్చినందుకు లోపల ఏ మూలో సంతోషంగా కూడా ఉంది, అందుకు మరీ సిగ్గేసింది. ఆయన మాత్రం రోడ్డు పక్కన అలాగే నిలబడ్డాడు. సైకిలు వాళ్లు ఇద్దరు తప్పుకుని పోయారు.

"ముప్ఫై ఏడన్నాడు కదూ," అన్నాడు చివరికి. "ఇంటికెళ్లి ఒక్కొక్కటీ చదువు. రేపు నా కుర్చీలో కూర్చుని మళ్లీ ఇదే తప్పు చేస్తే నేను ఊరుకోను."