నాలుగో ముద్ద

భీమన్న తన బామ్మర్ది పరశురాంతో మాట్లాడి రెండేళ్లయింది. బహ్రెయిన్‌లోని హమద్ టౌన్ క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. పనీ ఒకే గోడకు. కింద నుంచి భీమన్న పారతో సిమెంటు ముద్ద విసురుతాడు, పైనున్న పరశురాం తల తిప్పకుండానే తట్టలో పట్టుకుంటాడు. మాట మాత్రం లేదు.

ఊళ్లో భీమన్న భార్య నాగవ్వ పోయినప్పుడు ఫోను ముందు ఆమె తమ్ముడు పరశురాంకే వచ్చింది. ఆ రోజు బావ ఐదో అంతస్తు పరంజా మీద ఉన్నాడు. దిగాక చెబుదామని ఆగాడు. ఈలోపు ఆ రోజు విమానం వెళ్లిపోయింది. భీమన్నకు భార్య ఆఖరి చూపు దక్కలేదు.

ఆదివారం పరశురాం గల్ఫ్ బతుకు ఖలాస్ చేసుకుని ఇంటికి పోతున్నాడు. పోయేదాకా నోరు విప్పేది లేదని భీమన్న పట్టు.

ఆ వారమే గదిలోని పరమేశ్‌కు ఫోనులో ఒక పాత హాలీవుడ్ సినిమా దొరికింది. సినిమాలకు మాటలు కొత్తగా వచ్చిన రోజులది, ఇరవై నిమిషాలే. ఇద్దరు మేస్త్రీలు పాట పాడుకుంటూ పని చేస్తారు. కిందివాడు విసిరిన ముద్దలు మూడు తట్టలో పడతాయి, నాలుగోది పైవాడి మొహాన పడుతుంది. గదంతా పొర్లి పొర్లి నవ్వింది.

"పార పట్టుడే రాదు వీండ్లకు," అన్నాడు భీమన్న.

"అయితే మీరిద్దరు చేసి చూపియ్యుండ్రి పెద్దన్నా! శుక్రవారం సీఫ్ దిక్కు హాల్ల మన తెలుగోళ్ల ఫంక్షన్. ఏటా మనతోని కుర్చీలే మోపిస్తున్నరు," అన్నాడు పరమేశ్.

"మాట్లాడేది ఉందా?"

"లేదు. పాట ఫోన్ల వస్తది."

"చేస్త." పరశురాం కూడా తల ఊపాడు.

శుక్రవారం పొద్దున సిమెంటుకు బదులు మైదాపిండి భీమన్నే కలిపాడు. మూడు ముద్దలు పిడికెడంత, నాలుగోది తలకాయంత.

స్టేజీ మీద పాట మొదలైంది. తట్టతో పరశురాం నిచ్చెన ఎక్కాడు, కింద పిండి తొట్టి పక్కన భీమన్న. మూడు ముద్దలూ తట్టలో టపటపా పడ్డాయి. నాలుగోదానికి భీమన్న నడుం వంచి బలమంతా కూడదీశాడు. ఆ భుజం ఊపు చూస్తేనే పరశురాంకు తెలిసిపోయింది. తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని మొహం ముందుకు చాపాడు.

థప్!

నిచ్చెన మీది నుంచి జారి పిండి తొట్లో కూలబడ్డాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. తెల్లటి మొహంలో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

"బావా, రెండేండ్ల సంది దాసింది గిదేనా? ఇంకేమన్న మిగిలిందా?"

భీమన్న నవ్వు ఆపుకోబోయాడు. పళ్లు బిగించాడు. అది ముక్కులోంచి వచ్చింది. అంతలో తొట్లోంచి పరశురాం విసిరిన ముద్ద అతని నోట్లోనే పడింది. ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం లేచి నిలబడ్డారు.

తిరుగు బస్సులో ఇద్దరి చెవుల్లోనూ పిండి ఎండిపోయింది.

"మాఫ్ చెయ్యలే," అన్నాడు భీమన్న కిటికీలోకి చూస్తూ.

"నేనడిగిన్నా?"

భీమన్న చెవిలోని పిండి గోటితో గీకాడు.

"పెట్టె కట్టినవా?"

"కట్టిన."

"విప్పు. నేను కడ్త. నీ ముడి విమానం ఎక్కకముందే ఊడ్తది."

"గట్లనే బావా," అన్నాడు పరశురాం.