సీసం వచ్చిన దారి

నాకు కోపం ఎక్కువని మా గ్యాంగులో అందరూ అంటారు. పేరే పెట్టేశారు, చిర్రుబుర్రు బాబాయ్ అని. అననీ. ఒకటికి పదిసార్లు చెప్పినా వినని మనుషులతో పని చేస్తే ఎవరికైనా నోరు లేస్తుంది.

మా పని గీకుడు. వరద వచ్చినప్పుడు మా వీధి చివర పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే షెడ్డు నిలువునా మునిగింది. నీళ్లు పోయాయి గాని, ఆ సీసం బురదలో కలిసి ఇళ్లన్నింటిలోకీ చేరి కూర్చుంది. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. పెద్దవాళ్లకే మంచిది కాదు, పసిపిల్లలకైతే పచ్చి విషం. ఎండిన బురదను కాస్త తడిపి, గీకి, సంచుల్లో మూతి కట్టి లారీ ఎక్కించాలి. నీళ్లు మాత్రం కొట్టకూడదు. కొడితే ఆ విషం పక్కింటికి పోతుంది, అంతే. కాని మనవాళ్లకు శుభ్రం అంటే నీళ్లు గుమ్మరించడమే. "ఆ బకెట్ కింద పెట్టమ్మా తల్లీ!" అని రోజుకు వందసార్లు అరిచేవాణ్ణి.

మొదటి వారంలో మైకులో చెప్పారు: "మీ ఇళ్లలో సీసం ఉంది, తీసేదాకా పిల్లల్ని తేవద్దు" అని. ఎదురింటి టైలరమ్మ ఇల్లంతా గాలించి, ఖాళీ సీసాలన్నీ గోనెసంచికెత్తి తెచ్చి నా ముందు పెట్టింది.

"చూడన్నయ్యా, ఒక్క సీసా మిగల్చలేదు. ఇక మా పిల్లల్ని తెచ్చుకోనా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీసం వేరు, సీసా వేరు అని ఆవిడకు నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆవిడా వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రమైతే వీధి మొత్తానికి లైటు వెలిగేది నా ఒక్క ఇంట్లోనే. వాకిట్లో నిలబడి దగ్గితే ఎవరూ "ఏమైంది?" అని అడిగేవాళ్లు కాదు.

మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో నేనూ, నా కూతురూ, మూడేళ్ల మనవరాలూ ఉండేవాళ్లం. అల్లుడి ఉద్యోగం వేరే ఊళ్లో. వరద వచ్చిన నాడే తల్లీపిల్లా అతని ఒంటిగదికి వెళ్లిపోయారు.

"నెలాఖరుకి మనింటికి పచ్చ చీటీ రాకపోతే పాపను ఇక్కడే బళ్లో వేసేస్తాం నాన్నా. దాన్ని అటూ ఇటూ ఎన్నిసార్లని తిప్పుతాం?" అంది కూతురు ఒకరోజు ఫోన్లో.

పచ్చ చీటీ అంటే, ఇంటింటికీ మిషన్ తెచ్చి సీసం కొలిచే మీటరమ్మ, ఈ ఇంట్లో పసిపిల్లలు ఉండొచ్చని తలుపుకు అంటించే కాగితం. అక్కడ బళ్లో వేశారంటే ఇక రారు. ఏడాదికోసారి చుట్టాల్లా వచ్చి పోతారు.

నా ఇల్లు నేనే గీకాను. గోడ మూలలైతే పాత పళ్ల బ్రష్షుతో గీకాను. అయినా మీటరమ్మ రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. పక్క వీధుల్లో నేను గీకిన పదకొండు ఇళ్లు పాసయ్యాయి, నా కొంప మాత్రం తప్పింది!

"నీ మిషన్‌కే ఏదో రోగం వచ్చింది," అని ఎగిరాను.

మూడోసారి ఆ అమ్మాయి వెళ్లిపోలేదు. "బాబాయ్, కాసేపు అరవకుండా నాతో రా," అంది.

వంటింటి మూల మిషన్ పెట్టింది. బాగానే ఉంది. బీరువా వెనక, బాగానే ఉంది. గుమ్మం దగ్గర అంకె పెరిగింది. గుమ్మం నుంచి కుర్చీ దాకా ఇంకా పెరిగింది. కుర్చీ చేతుల మీదా, మంచం అంచు మీదా అన్నింటికంటే ఎక్కువ.

"వరద నీళ్లు నీ కుర్చీలో కూర్చుని పోయాయా? ఇది వరద వచ్చిన దారి కాదు బాబాయ్, నువ్వొచ్చే దారి. పనయ్యాక గ్యాంగు షెడ్డులో స్నానం చేసి, బట్టలు మార్చుకునే వస్తున్నావా?"

ఆ రూలు అందరికీ అరిచి చెప్పేది నేనే. కాని షెడ్డులో ఉన్నది ఒకే ఒక్క కుళాయి. వరసలో నిలబడితే ఏడవుతుంది. ఆరింటికి పాప ఫోన్లోకి వస్తుంది, ఏడయ్యేసరికి నిద్రపోతుంది. అందుకని ఆ దుమ్ము బట్టలతోనే పరుగెత్తుకొచ్చి కుర్చీలో కూలబడి దాని ముద్దుమొహం చూసుకునేవాణ్ణి. చూడాలన్న తొందరలో అది రాకుండా అడ్డుపడింది నేనే. ఇక ఎవరి మీద అరవాలి?

మళ్లీ మొదటికొచ్చి ఇల్లంతా తుడిచాను. కుర్చీనీ పరుపునీ సంచుల్లో కట్టి లారీ ఎక్కించాను. రోజూ కుళాయి వరసలో నిలబడ్డాను. ఆదివారం తప్ప పాపను చూడలేదు. ఇంటికొచ్చేసరికి పలకరించేవాళ్లు లేక, మాట్లాడాలనిపించి గోడ గడియారాన్ని తిట్టేవాణ్ణి. మా ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

నెలాఖరుకి మూడు రోజులుందనగా మీటరమ్మ చీటీ అంటించింది. ఫోన్ చేసి చెబితే, మర్నాడు సాయంత్రం వస్తామంది కూతురు.

మధ్యాహ్నమే దిగారు. నేను వీధి చివర లారీకి సంచులు ఎత్తుతున్నాను. ముక్కుకు గుడ్డ, ఒళ్లంతా దుమ్ము. "అదిగో తాత!" అని కూతురు చూపించడమే తరువాయి, పాప చేతులు చాచి పరుగెత్తుకొచ్చింది.

"ఆగు! దగ్గరికి రాకు! అక్కడే ఆగు!"

వీధంతా మోగింది. పాప బిక్కచచ్చి నిలబడిపోయి, తర్వాత ఏడుస్తూ వాళ్లమ్మ వెనక్కి పారిపోయింది. కూతురికి అర్థమైంది. దాన్ని ఎత్తుకుని ఇంటివైపు వెళ్లిపోయింది. నేను వెంట వెళ్లడానికి లేదు. ఇంకా నలభై సంచులున్నాయి.

ఆ సాయంత్రం రెండుసార్లు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఇంటికి వెళ్లాను. చేతులు చాచాను. రాలేదు.

"నేనే తాతనురా బంగారం."

"కాదు," అంది పాప. వాళ్లమ్మ చెవిలో గుసగుసగా, కాని నాకు వినపడేలాగే అడిగింది: "ఈ తాత వద్దు. ఫోన్లో తాత ఎప్పుడొస్తాడు?"

కూతురు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, వచ్చింది. బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. ఎదురింటి తలుపూ, పక్కింటి తలుపూ మూసే ఉన్నాయి. కాసేపటికి ఫోన్ తీసి, లోపలున్న కూతురి నంబరు నొక్కాను.

"తాతా!" అన్న కేక తలుపు వెనక నుంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి వినిపించింది. "ఎక్కడున్నావు? ఎప్పుడొస్తావు?"

"దగ్గర్లోనే ఉన్నాను తల్లీ," అన్నాను. "నువ్వు అన్నం తిను, ఈలోగా వచ్చేస్తాను."