తొలి చక్రం

ఆ అడవిలో ఎవరికి ఎంత సైకిలు పిచ్చి ఉన్నా సరే, పొద్దున్నే తొలి చక్రం మాత్రం మేస్త్రిదే. కొండ మీద నుంచి చెట్ల మధ్యగా కిందికి దిగే సైకిలు దారులు అక్కడ చాలానే ఉన్నాయి. పచ్చ బోర్డు పెట్టినవి పిల్లలకు, నీలం బోర్డువి కాస్త ధైర్యం ఉన్నవాళ్ళకు, ఎర్ర బోర్డువి బాగా ధైర్యం ఉన్నవాళ్ళకు, నల్ల బోర్డువి ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళకు. ఏ దారైనా ముందు మేస్త్రి దిగాలి. విరిగిపడ్డ కొమ్మలు, వానకు పైకి తేలిన రాళ్ళు, జారిన మట్టి అన్నీ చూసుకుంటూ కిందిదాకా వచ్చి, గేటుకు వేలాడే చెక్కపలకను ‘మూసి ఉంది’ నుంచి ‘తెరిచి ఉంది’ వైపుకు తిప్పాలి. అంతవరకూ ఎంతటి మొనగాడైనా హెల్మెట్ తగిలించుకుని బెంచీ మీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే.

ఆ దారుల్లో చాలావాటిని తవ్విందీ ఆయనే. వాటి గురించి ఆయనకో గర్వం ఉండేది. “నా దారిలో పైన ఎక్కి కూర్చుంటే చాలు, కిందికొచ్చేదాకా పెడలు తొక్కే పని లేదు. తొక్కాల్సి వస్తే దాన్ని దిగడమని ఎలా అంటారు?” అనేవాడు. ఈ మాట వినని మనిషి ఆ సైకిలు కేంద్రంలో లేడు. కొందరైతే రెండోసారి వినకుండా తప్పించుకోవడానికి గేటు చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

కూతురు అక్కడే మరమ్మతుల షెడ్డులో పనిచేస్తుంది. అందరూ ఆమెను రెంచి అంటారు. తండ్రి ఒక్కడే అమ్మడూ అంటాడు. ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళన్నీ నూనె పట్టించి నున్నగా తిప్పి ఇచ్చే ఈ పిల్ల, తన సైకిలు మాత్రం పట్టించుకోదు. దాని వెనక చక్రం ఫ్రీవీలు కీచురాయిలా అరుస్తుంది. పెడలు తొక్కినంతసేపూ కిక్కురుమనదు, తొక్కడం ఆపి దొర్లనిస్తే చాలు, ఇక అడవంతా దానిదే. “పని ఉన్నప్పుడు నోరెత్తదు, ఖాళీ దొరికితే వాగుతుంది, అచ్చం మా బావమరిదిలా. దానికి కాస్త గ్రీజు పెట్టవే తల్లీ” అని మేస్త్రి వేధించేవాడు. ఆమె పెడతాను పెడతాను అంటూ కాలయాపన చేసేది.

ఆయనకు చూపు పోతోందన్న సంగతి ఆమెకు మట్టి చెప్పింది.

ఒకరోజు ఎవరిదో సైకిలుకు కొత్త బ్రేకు వేసి, అది పట్టుతోందో లేదో చూద్దామని తెల్లారకముందే ఎర్ర దారిలో దిగింది. రాత్రంతా వాన. దిగాక గానీ గుర్తుకు రాలేదు, తండ్రి కంటే ముందు దిగేశానని. తిట్లు తినడానికి సిద్ధపడి షెడ్డు ముందు నిలబడింది. ఆమె చక్రం గీత తడిమట్టిలో పైనుంచి కిందిదాకా పాములా పడి ఉంది. చక్రం జాడ చూసి అది ఎవరి టైరో, అందులో గాలి ఎంతుందో చెప్పగల మనిషి ఆయన. కాసేపటికి ఆ గీత పక్కనే దిగి వచ్చి, ముఖం వెలిగిపోతుండగా అన్నాడు:

“మట్టి అద్దంలా ఉందమ్మడూ ఈరోజు. ఒక్క గీత లేదు. తొలి చక్రం వేస్తుంటే ప్రాణం లేచొచ్చిందనుకో.”

ఆమె తన గీత వైపు ఒకసారి చూసింది. నవ్వింది. ఇంకేం చేస్తుంది?

తల్లిది హెల్మెట్లు అద్దెకిచ్చే కౌంటరు. ఆ సాయంత్రం చెమట వాసన కొట్టే హెల్మెట్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తుంటే, కూతురు వెళ్ళి పక్కన నిలబడి సంగతి చెప్పింది. తల్లి ఆశ్చర్యపోలేదు.

“మీ నాన్నకు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే కదా, కొత్తేముంది అనుకున్నా ముందు” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. “కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. చుట్టూతా మూసుకుంటూ వస్తుందట. మందు లేదట. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ముఖ్యంగా నీకు.”

“మరి సైకిలెక్కొద్దని చెప్పొచ్చు కదమ్మా!”

“చెప్పాను. దారులు కళ్ళలో లేవు, ఒంట్లో ఉన్నాయన్నాడు. నువ్వు చెప్పి చూడు, నీ మాటేమైనా వింటాడేమో.”

చెప్పలేకపోయింది. చెప్పాలంటే అమ్మ ఒట్టు తప్పిందని తెలిసిపోతుంది. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవారు. పొద్దున్నే ఆ కొండ దిగి పలక తిప్పేటప్పుడు ఆయన ముఖంలో ఉండే తేజం ఉంది చూశారూ, దాన్ని తన నోటితో ఆర్పడం ఆమె వల్ల కాలేదు. అందుకని ఏం చేసిందంటే, మర్నాటి నుంచి ఆయన కంటే కాస్త ముందు తానే దిగడం మొదలుపెట్టింది. కొమ్మ కనిపిస్తే దిగి పక్కకు లాగేసేది, రాయి కనిపిస్తే కాలితో తన్నేసేది. ఆ దారులన్నీ మెలికలు తిరుగుతూ దిగుతాయి కాబట్టి ఒక్కోసారి తలెత్తితే పై మెలికలో తండ్రి కనిపించేవాడు. ఆమె కొమ్మ లాగుతున్నంతసేపూ ఆయన పైన ఒంటికాలు నేలకు ఆనించి ఊరికే నిలబడి ఉండేవాడు. వయసు మీద పడుతోంది, ఆయాసం తీర్చుకుంటున్నాడు పాపం అనుకునేది.

ఆ రోజుల్లోనే ఒకసారి, చేతిలో ఎలాగూ గ్రీజు డబ్బా ఉంది కదా అని, “ఇవాళ నా కీచురాయి నోరు మూయిస్తా నాన్నా” అంది.

“వద్దులే, ఉండనీ. అలవాటైపోయింది” అన్నాడాయన. ఆమె కూడా బద్ధకానికి మంచి సాకు దొరికిందని డబ్బా మూత పెట్టేసింది.

అలా ఒకరికి తెలియకుండా ఒకరు బండి లాగిస్తూ ఉండగా, కొత్త నల్ల దారి వచ్చి పడింది.

దాన్ని మేస్త్రి చేత తవ్వించలేదు. మేనేజరు బయటి కాంట్రాక్టు వాళ్ళను తెచ్చి యంత్రంతో తవ్వించాడు. మట్టి గట్టిపడేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదని చుట్టూ వల కట్టేశారు. మేస్త్రి అలిగి ఆ వైపే వెళ్ళలేదు. ఆ దారి చివర్లో ఒక గండి ఉంది. ఇవతలి మట్టిదిబ్బ మీద నుంచి అవతలి దిబ్బ మీదికి సైకిలుతో సహా ఎగరాలి. మధ్యలో మనిషి నిలువు లోతు. ఎగరలేనివాళ్ళ కోసం అంచుకు కాస్త ముందు ఎడమవైపు పక్కదారి వదిలారు. గండికి ముందు మాత్రం చదును నేల, అక్కడ ఊపు కావాలంటే గట్టిగా తొక్కాలి. ఈ ముక్క ఎవరో చెబితే మేస్త్రి, “తొక్కాలా? హవ్వ!” అని ఊరుకున్నాడు.

ప్రారంభం రోజున తొలి చక్రం మేస్త్రిదేనని మేనేజరు ప్రకటించేశాడు. ఆ మాట వినగానే రెంచి షెడ్డు వదిలి ఆఫీసుకు పరుగెత్తింది. ఈసారి చెప్పేయాలి, ఏమైతే అది అయిందని. మేనేజరు చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. గోడ మీద అడవి మ్యాపు ముందు నిలబడి, రంగు పిన్నులు గుచ్చుతూ, ఆమెను చూడగానే పొంగిపోయాడు.

“రా రా రెంచీ! మీ నాన్నని కాదని బయటివాళ్ళకి ఇచ్చానని నాకూ మనసులో పీకుతూనే ఉంది. అందుకే ఆ గౌరవం ఆయనకే అట్టిపెట్టా. ఆయన లేకపోతే ఈ అడవికి అందమేముంది చెప్పు? నీకేం కావాలి?”

ఆమె నోరు తెరిచింది. నిజం చెబితే ఈ మంచిమనిషే సాయంత్రానికల్లా ఆయన సైకిలుకు తాళం వేయించి, గేటు దగ్గర కుర్చీ వేయిస్తాడు. పైగా తప్పు కూడా కాదు అది, చేయవలసిందే.

“చైను నూనె అయిపోయింది సార్” అని బయటికి వచ్చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక మిగిలింది తండ్రే. నేరుగా చెప్పలేక డొంకతిరుగుడుగా మొదలుపెట్టింది. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగితే నొప్పే లేదన్నాడు. కాంట్రాక్టు వాళ్ళ దారిని మనం ప్రారంభించడమేమిటి, పరువు తక్కువ అని రెచ్చగొడితే, వాళ్ళ పని బండారం అందరి ముందూ బయటపెడతానన్నాడు. దారి చెడ్డదని చెబితే నవ్వాడు. చేసేది లేక, అలమరలో ఉన్నవాటిలో అన్నిటికంటే ఎర్రగా కళ్ళు చెదిరే చొక్కా తీసి పెట్టుకుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది కదా, ఎలాగైనా ముందు తానే దిగాలి, ఆయన కళ్ళ ముందే ఉండాలి. అంతకు మించిన ఉపాయం ఆమెకు తట్టలేదు.

ఆ రోజు కొండ మీద కొందరు, గండికి అవతల ఇంకా ఎక్కువమంది చేరారు. ముందు దిగడానికి ఏం వంక చెప్పాలా అని రెంచి తల బద్దలు కొట్టుకుంటుంటే, మేస్త్రే గొంతు సవరించుకున్నాడు.

“ఈ దారికి తొలి చక్రం మా అమ్మాయిది. నేను దాని వెనకాల వస్తా.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసు అనుకున్నారు. ఆమెకు గుండెల మీద నుంచి బరువు దించినట్టయింది. ఆయన పక్కకు వెళ్ళి మెల్లగా, “గండి దగ్గర నేను ఎడమకు తిప్పేస్తా నాన్నా. నువ్వూ తిప్పెయ్. దూకొద్దు, నా మీదొట్టు” అంది.

“నీ వెనకాలే కదా, పద.”

పై సగమంతా బాగానే గడిచింది. మెలిక తర్వాత మెలిక, ఆమె పెడళ్ళు కదపకుండా దొర్లుతూ, కీచురాయిని అరిపిస్తూ దిగింది. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఆయన ఉన్నాడు. యంత్రం తవ్విన గుంటల్ని కూడా ఎలా తప్పిస్తున్నాడో ఆమెకే అంతుపట్టలేదు. చెట్లు పలచబడ్డాయి, చదును నేల వచ్చింది. తలవంచి బలంగా తొక్కింది. అంచు ముందు ఎడమకు తిప్పి, తొక్కడం ఆపకుండానే పక్కదారిలో దిగి, గండికి దిగువన ఆగి, సైకిలు పట్టుకుని పైకి చూసింది.

ఆయన రాలేదు.

అవతలి దిబ్బ మీద జనం చప్పట్లతో తాళం వేస్తూ, “మేస్త్రీ! మేస్త్రీ!” అని పిలుస్తున్నారు. ఊపు కోసం ఆగాడు, ఎగురుతాడు చూడండి అంటున్నారు. అప్పుడు కనిపించాడు. చదును నేల మీద, తల ఒక పక్కకు వంచి, నెమ్మదిగా తొక్కుకుంటూ, ఆ పిలుపులు ఎటు నుంచి వస్తున్నాయో నేరుగా అటే వస్తున్నాడు. పక్కదారి మలుపు దాటేశాడు. దూకడానికి ఆ వేగం ఎందుకూ చాలదు, పడడానికి మాత్రం సరిపోతుంది.

“ఆగు నాన్నా! ఆగు!”

గొంతు చించుకుని అరిచింది. ఆ గోలలో ఆమె అరుపు కూడా చప్పట్ల లెక్కలో కలిసిపోయింది. చేతులెత్తి ఆపమని జనానికి సైగ చేస్తే, వాళ్ళూ ఉత్సాహంగా చేతులు ఊపారు. ఏం చేయాలో తెలియలేదు. సైకిలు వదిలేయాలన్న స్పృహ కూడా లేక, దాన్ని తోసుకుంటూనే పక్కదారి వెంట పైకి పరుగు తీసింది. తోస్తుంటే వెనక చక్రం టకటకా కీచుమంది.

ఆయన బ్రేకు పట్టాడు. ముందు చక్రం సరిగ్గా అంచు మీద ఆగింది. కొంచెం మట్టి రాలి గండిలో పడింది. ఆయన ముఖం జనం వైపు కాదు, ఆమె వచ్చే వైపు తిరిగింది.

“ఇటున్నావా?” అన్నాడు.

ఆమె వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

“నీ చప్పుడు ఆగింది, ఆగాను. ఎంతసేపటికీ మళ్ళీ రాలేదు. మనుషులు పిలుస్తుంటే అటే వెళ్ళావనుకున్నా” అన్నాడు మెల్లగా.

“ఏం చప్పుడు నాన్నా?”

“నీ కీచురాయి. ఇన్నాళ్ళూ ముందు అరుచుకుంటూ పోతుంటే తెలియకపోవడానికి, చెవులు కూడా పోయాయనుకున్నావా?”

అప్పుడు అర్థమైంది ఆమెకు, పై మెలికలో ఆయన ఎందుకు నిలబడేవాడో, గ్రీజు ఎందుకు వద్దన్నాడో. ఆయన దారులన్నిటా పెడలు తొక్కే పనే లేదు కాబట్టి చప్పుడు తెగేది కాదు. ఇక్కడ తాను తొక్కింది.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. “ఏమైంది మేస్త్రీ? బ్రేకు పట్టేసిందా?”

“అవును సార్, బ్రేకే. నేనే సరిగ్గా బిగించలేదు, తప్పు నాది...” అంటూ ఆమె అందుకుంది. ఆ అబద్ధం నిలిస్తే చాలు, రేపటి సంగతి రేపు.

“బ్రేకు బాగానే ఉంది” అన్నాడు మేస్త్రి. “మా అమ్మాయి బిగించిన బ్రేకు పట్టేయడం ఎప్పుడైనా చూశారా? నాకే కనపడటం లేదు సార్, ఎదురుగా ఉన్నది కూడా. చాలా రోజులైంది.”

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. జీపు తెప్పిస్తానన్నాడు మేనేజరు. వద్దు, ఎప్పుడూ జీపులో దిగలేదు, నడిచి దిగుతానన్నాడు ఆయన. ఆమె భుజం అందిస్తే అదీ పట్టుకోలేదు. తన సైకిలు మేనేజరు చేతికిచ్చి, చేతి తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

“నువ్వు ముందు నడువమ్మడూ. దాన్ని తోసుకుంటూ నడు.”

ఆమె నడిచింది. చక్రం కీచుకీచుమంటుంటే వెనకాల ఆయన బూట్లు మట్టిలో తడుముకుంటూ వచ్చాయి. దారికి రెండు పక్కలా జనం తప్పుకుని నిలబడ్డారు. ఆయన్ని కాపాడిందీ తానే, ఆయన తొలి చక్రాన్ని ఇవాళ్టితో ఆపేసిందీ తానే. ఏడుపు ఆగలేదు. కన్నీళ్ళు అడ్డంపడి దారి కనిపించక, తుడుచుకుందామని ఒక్క క్షణం నిలబడింది. చక్రం మూగబోయింది. వెనకాల బూట్ల చప్పుడూ ఆగింది.

“అమ్మడూ, ఉన్నావా?”

“ఉన్నా నాన్నా” అని, కళ్ళు తుడుచుకోకుండానే సైకిలు ముందుకు తోసింది.